రొయ్య పొట్టు, రంగు నీళ్ళు, 98 శాతం గొప్పలు

మొన్న శుక్రవారం మా ఆఫీసు గ్రూపులో ఎవరో ఒక వార్త పంచుకున్నారు. రొయ్యల పొట్టు నుంచి తీసిన పదార్థంతో పూసలు చేశారట, వాటిని వేస్తే అద్దకం మిల్లుల మురికినీళ్ళు తేటగా అయిపోతాయట, 98 శాతం రంగు మాయమట. పక్కనే రెండు గాజు బీకర్ల ఫొటో. ఎడమ బీకర్లో చిక్కటి నీలం, కుడి బీకర్లో కొబ్బరినీళ్ళలాంటివి. పది నిమిషాల్లో ముప్ఫై చప్పట్లు పడ్డాయి. "ఇలాంటివి గవర్నమెంటుకి ఎందుకు పట్టవో", "భీమవరం వాళ్ళకి జాక్‌పాట్", "మన దగ్గర టాలెంటుకి విలువ లేదు బాస్"... మామూలే.

నేను చప్పట్లు కొట్టలేదు. కారణం అసూయ కాదు. ఆ ఎడమ బీకరు నాకు బాగా తెలుసు. అందులో ఉన్నది మిథిలీన్ బ్లూ అని ఫొటో చూసే చెప్పగలను. 2018లో నాలుగు నెలలపాటు నా వేళ్ళూ, నా చొక్కా జేబూ, హాస్టల్లో నా బకెట్టూ అదే రంగులో ఉండేవి.

నేను చదివింది కెమికల్ ఇంజనీరింగు. (మరి సాఫ్టువేరులో ఏం చేస్తున్నావని అడక్కండి. ఇది చదివేవాళ్ళలో సగం మంది సివిలూ మెకానికలూ అని నాకూ తెలుసు.) ఫైనలియర్ ప్రాజెక్టు పేరు "కైటోసాన్–బెంటొనైట్ మిశ్రమ పూసలతో వ్యర్థ జలాల నుండి రంగుల తొలగింపు". ఎంత బావుందో కదా! సహజ పదార్థం ఉంది, మిశ్రమం ఉంది, పర్యావరణం ఉంది. వచ్చిన ఫలితం ఎంతో తెలుసా? 98 శాతం. నిజంగానే. మార్కులు కూడా దాదాపు అంతే వచ్చాయి.

ఆ ప్రాజెక్టు ఒక మోసం. దొంగ లెక్కలు రాశామని కాదు, ప్రతి రీడింగూ నిజాయితీగా తీసిందే. ప్రశ్ననే జవాబుకి సరిపోయేలా కుట్టుకున్నాం. ఇప్పటికీ ఇలాంటి ప్రాజెక్టులూ థీసిస్‌లూ పేపర్లూ వేలకొద్దీ పుడుతూనే ఉన్నాయి, వాటిలో చాలా భాగం ఈ బాపతే. ఈ మాట గట్టిగా చెప్పాలనే ఇది రాస్తున్నాను. తిట్టేవాళ్ళు తిట్టండి, కానీ పూర్తిగా చదివి తిట్టండి.

ముందు కెమిస్ట్రీ కాస్త. రొయ్యల పెంకులో కైటిన్ అనే సహజ పాలిమర్ ఉంటుంది. మామూలుగా అది దేనిలోనూ కరగదు. దాన్ని గాఢమైన కాస్టిక్ సోడాలో మరిగిస్తే కైటోసాన్ అవుతుంది. దీని అసలు బలం దాని గొలుసు పొడుగునా ఉండే అమైన్ గుంపులు. నీళ్ళు ఆమ్లంగా ఉంటే, అంటే పీహెచ్ ఆరున్నర కంటే తక్కువైతే, ఆ అమైన్లు ప్రోటాన్‌ని తగిలించుకుని ధనావేశంతో నిలబడతాయి. నూలు బట్టలకి వాడే రియాక్టివ్ రంగులేమో సల్ఫొనేట్ గుంపుల వల్ల రుణావేశంతో ఉంటాయి. ఇంకేముంది, ధనం రుణం కలిస్తే అతుక్కుంటాయి. సూత్రం చక్కనిది. ఇందులో తప్పు పట్టడానికేం లేదు.

ఇప్పుడు మేం చేసింది చూడండి. మిథిలీన్ బ్లూ నూలు అద్దకంలో వాడే రంగు కానే కాదు. ల్యాబులో కణాలకి రంగు వేయడానికో, ఆస్పత్రిలో మందుగానో వాడతారు. పైగా అది ధనావేశం ఉన్న రంగు. కైటోసాన్ కూడా ధనమే! రెండూ ఒకదాన్నొకటి తోసుకోవాలి. మరి 98 శాతం ఎలా పోయింది? పూసల్లో కలిపిన బెంటొనైట్ మట్టి వల్ల. మట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది, మిథిలీన్ బ్లూని అది జలగలా పట్టుకుంటుంది. ఎంత బాగా పట్టుకుంటుందంటే, మట్టి నాణ్యతని కొలవడానికి మిథిలీన్ బ్లూ పరీక్ష అని ఒకటి పాత కాలం నుంచీ ఉంది. అంటే నాలుగు నెలలు కష్టపడి మేం కొత్తగా కనుక్కున్నది, మట్టి మట్టిలాగే పనిచేస్తుందని. చాకిరీ మట్టిది, టైటిల్లో పేరు కైటోసాన్‌ది. (ఆఫీసులో ఇలాంటి జంటలు మీకూ తెలిసే ఉంటాయి :) )

మరి ఈ రంగునే ఎందుకు వాడతారు? చవక, ఏ కాలేజీ ల్యాబులో అయినా దొరుకుతుంది, 664 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫొటోమీటర్లో గీత చక్కగా వస్తుంది. అన్నిటికీ మించి, అది ఆకులకీ తొక్కలకీ రంపపు పొట్టుకీ దేనికైనా అంటుకుంటుంది. అంటే ఎప్పుడూ పాసయ్యే టెస్టు కేసు. మనలో ఎవడైనా ఎప్పుడూ ట్రూ అని తిరిగొచ్చే యూనిట్ టెస్టు రాసి "కవరేజ్ వంద శాతం" అంటే కోడ్ రివ్యూలో ఊరుకుంటామా?

అక్కడితో అయిపోలేదు. తర్వాత గ్రాఫులు గీయాలి. 1918లో లాంగ్‌మ్యూర్ వాయువుల కోసం చెప్పిన సమీకరణం ఒకటి, సూడో సెకండ్ ఆర్డర్ అని ఇంకొకటి. ఈ రెండోదాన్ని గీసే పద్ధతి ఎలా ఉంటుందంటే, ఇటు అక్షం మీదా కాలమే, అటు అక్షం మీద కూడా కాలాన్ని దేనితోనో భాగించిన సంఖ్యే. కాలం రెండు వైపులా ఉంటే గీత తిన్నగా రాక ఏం చేస్తుంది? ఆర్ స్క్వేర్ 0.99 ఎవరికైనా వస్తుంది. దాన్ని చూపించి "ఇది రసాయన బంధమే అని రుజువైంది" అని రాసేస్తారు. మేమూ రాశాం.

మాలాంటి ఇంకో వెయ్యి మంది కథ ఇంతే అయితే నేను ఊరుకునేవాణ్ణి. కానీ మాకు ఒక సీసా వచ్చింది.

నా రూమ్మేటుది పోచంపల్లి దగ్గర ఒక ఊరు. వాళ్ళ నాన్న నూలు చిలపలకి రంగు అద్దుతారు. ఇంటి వెనక రేకుల షెడ్డు, రెండు పొయ్యిలు, పెద్ద పెద్ద స్టీలు గిన్నెలు. అద్దకం అయ్యాక ఆ నీళ్ళు ఇంటి పక్క కాలవలోకి పోతాయి. ఇంకెక్కడికి పోతాయి? చిన్న అద్దకందారుకి శుద్ధి ప్లాంటు ఎవరు కట్టిస్తారు? మా ప్రాజెక్టు సంగతి విని ఆయన ఎంత సంబరపడ్డారో. సెలవులకి వెళ్ళొచ్చేటప్పుడు మావాడి చేతికి రెండు లీటర్ల థమ్సప్ సీసాలో ఎర్రటి నీళ్ళు నింపి ఇచ్చి పంపించారు. "మీ పూసలతోని పోతదో లేదో చూడుండ్రి బిడ్డా" అని.

చూశాం. మొదట పీహెచ్ కొలిస్తే పదిన్నర దాటింది. దాటదూ మరి! రియాక్టివ్ రంగు నూలుకి అంటుకోవాలంటే సోడా యాష్ వేయాల్సిందే. ఆ పీహెచ్ దగ్గర కైటోసాన్ అమైన్లకి ఏ ఆవేశమూ ఉండదు, ఖాళీగా కూర్చుంటాయి. మట్టి రుణం, రంగు రుణం, అదీ పని చేయదు. రెండు గంటలు తిప్పాక కూడా సీసా ఎరుపు ఎరుపుగానే ఉంది. సరే అని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే సోడా బుడ్డీ కొట్టినట్టు నురగ పొంగింది. పీహెచ్ నాలుగుకి దించాక రంగు కొంచెం కొంచెం తగ్గడం మొదలైంది, కానీ ఈలోపు పూసలే మెత్తబడి జిగురుగా తయారయ్యాయి. కైటోసాన్ ఆమ్లంలో కరుగుతుంది మరి. అసలు మేం పూసలు చేసిందే దాన్ని ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, సిరంజితో కాస్టిక్ సోడాలోకి చుక్కలు చుక్కలుగా వదిలి. కరక్కుండా ఉండాలంటే గ్లూటరాల్డిహైడ్ లాంటి దానితో గొలుసులని ముడివేయాలి. అది విషపదార్థం. పైగా ఆ ముడి వేసేది అమైన్ల దగ్గరే, అంటే రంగుని పట్టాల్సిన చేతులనే కట్టేస్తాం.

ఈ ఫలితాలన్నీ పట్టిక వేసి మా గైడు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన రెండు నిమిషాలు చూసి, "ఇది రిపోర్టులో వద్దు, ఎక్స్‌టర్నల్ అనవసరంగా ప్రశ్నలేస్తాడు" అన్నారు. తీసేశాం. మా రిపోర్టు మొత్తంలో నిజంగా పనికొచ్చే పేజీ అదొక్కటే. అది ఇప్పుడు ఎక్కడా లేదు. ఆయన చెడ్డవాడని కాదు, ఆయన మీదా ఏటా ఇన్ని పేపర్లని లెక్క ఉంటుంది. "పని చేయలేదు" అనే పేపరుని ఏ జర్నల్ వేసుకుంటుంది?

రూమ్మేటు వాళ్ళ నాన్నకి ఏం చెప్పామో కూడా రాయాలి కదా. "ఇంకా రీసెర్చ్ నడుస్తుంది అంకుల్" అన్నాం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ గొడవంతా పక్కన పెట్టి, ఒక మాయ పూస దొరికి, ఏ పీహెచ్‌లో అయినా నూటికి నూరు శాతం రంగు తీసేసిందనుకోండి. అప్పుడైనా సమస్య తీరుతుందా? తిరుప్పూరుని చూడండి. నొయ్యల్ నది కోయంబత్తూరు వైపు కొండల్లో పుట్టి, తిరుప్పూరు మీదుగా పోయి కావేరిలో కలుస్తుంది. దాని మీద 1992లో ఒరత్తుపాళయం దగ్గర సాగునీటి కోసం ఆనకట్ట కట్టారు. తిరుప్పూరు అద్దకం యూనిట్ల నీళ్ళు చేరి చేరి అది చివరికి మురికినీటి చెరువైపోయింది. ఆనకట్ట కట్టించుకున్న రైతులే గేట్లు ఎత్తొద్దు మహాప్రభో అని కోర్టుకెళ్ళాల్సొచ్చింది. కేసులు ఏళ్ళ తరబడి నడిచి, 2011 జనవరి 28న మద్రాసు హైకోర్టు చుక్క నీరు కూడా బయటికి వదలని ఏర్పాటు చేసుకునేదాకా అద్దకం యూనిట్లన్నీ మూసేయమంది. ఊరికి ఊరే ఆగిపోయింది.

ఆ రైతుల పొలాలని పాడుచేసింది రంగు కాదండీ. ఉప్పు!

రియాక్టివ్ రంగుని నూలులోకి తోయడానికి లీటరు నీటికి 50 గ్రాముల పైనే ఉప్పు వేస్తారు, ముదురు రంగులైతే ఇంకా ఎక్కువ. ఆ ఉప్పులో ఒక్క గ్రాము కూడా బట్టలో ఉండదు, అంతా నీటితో బయటికే. కడుగునీళ్ళు కలిశాక పలచబడుతుంది నిజమే, కానీ మన దేశంలో బయటికి వదిలే నీటిలో కరిగిన లవణాలకి పెట్టిన హద్దు లీటరుకి 2,100 మిల్లీగ్రాములు. అంటే రెండు గ్రాముల చిల్లర. యాభై ఎక్కడ, రెండు ఎక్కడ! ఇక పూసలు ఉప్పుని ముట్టుకోవు. పైపెచ్చు ఉప్పు ఎక్కువున్న నీళ్ళలో క్లోరైడూ సల్ఫేటూ అడ్డొచ్చి, పూస రంగుని పట్టే శక్తి చాలాసార్లు తగ్గుతుంది. ఇంకో తమాషా, పీహెచ్ దించడానికి మనం పోసిన ఆమ్లం సోడా యాష్‌తో కలిసి ఏమవుతుంది? ఉప్పే అవుతుంది. ఉప్పు సమస్యకి మన పరిష్కారం, ఇంకాస్త ఉప్పు.

తిరుప్పూరులో తర్వాత కట్టుకున్న ప్లాంట్లలో ఖర్చంతా ఎక్కడుందో చూస్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. రంగు తీయడం అక్కడ మధ్యలో వచ్చే ఒక మెట్టు మాత్రమే. జేబు చిల్లు పడేది ఆర్.ఓ. పొరల దగ్గర, ఆ తర్వాత మిగిలిన చిక్కటి ఉప్పునీటిని ఆవిరి చేసే ఇవాపరేటర్ల దగ్గర. కరెంటూ బాయిలర్లూ అక్కడే తింటాయి. ఆ చిక్కటి ఉప్పునీటినే మళ్ళీ అద్దకానికి వాడుకోవడం లాంటి తెలివైన పని అక్కడి వాళ్ళు చేసి చూపించారు. కానీ దాని ఫొటో తీస్తే ఏముంటుంది? రెండు బీకర్లూ ఒకేలా ఉంటాయి. ఉప్పు కంటికి కనపడదు, చప్పట్లు పడవు. మన కంటికి కనిపించేదే కాలుష్యం అనుకునే జబ్బుకి ఆ బీకర్ల ఫొటో సరిగ్గా సరిపోయే మందు.

లెక్కలంటే ఇష్టపడేవాళ్ళం కాబట్టి ఒక చిన్న లెక్క. అన్నీ నా అనుకోలులే, మీరు మీ అంకెలు వేసుకోండి. రోజుకి లక్ష లీటర్లు వదిలే ఒక మోస్తరు యూనిట్. లీటరుకి 200 మిల్లీగ్రాముల రంగు. మొత్తం 20 కిలోల రంగు. గ్రాము పూస 100 మిల్లీగ్రాములు పడుతుందనుకుంటే రోజుకి 200 కిలోల పూసలు కావాలి. కిలో వెయ్యి రూపాయలనుకున్నా రోజుకి రెండు లక్షలు! "కడిగి మళ్ళీ వాడొచ్చు" అంటారు. సరే, పదిసార్లు వాడండి, రోజుకి ఇరవై వేలు, కడిగే కాస్టిక్ సోడా ఖర్చు అదనం. ఇంతకీ కడిగితే ఆ రంగు ఎక్కడికి పోయింది? కాస్టిక్ సోడా నీళ్ళలోకి. అంటే పలచటి రంగు నీళ్ళు పోయి చిక్కటి రంగు నీళ్ళు వచ్చాయి. కడగకుండా పారేద్దామంటే రంగు నిండిన పూసలు ప్రమాదకర వ్యర్థాల లెక్కలోకి వస్తాయి, దానికో ప్రత్యేకమైన చోటు, లారీ, డబ్బు. అధిశోషణం రంగుని నాశనం చేయదు, ఇల్లు మారుస్తుంది అంతే. పేపర్లలో ఈ ముక్క చివరి పేరాలో "భవిష్యత్తులో పరిశీలించవలసి ఉంది" అని ఉంటుంది.

మా భవిష్యత్తు ఎలా పరిశీలించామో చెప్పమంటారా? ప్రాజెక్టు చివరి రోజున మిగిలిన నీలం నీళ్ళూ, ఎరుపు నీళ్ళూ, వాడేసిన పూసలూ అన్నీ ల్యాబ్ సింకులో పారబోసి ట్యాపు తిప్పాం. కాలుష్య నివారణ ప్రాజెక్టు!

"అయినా సహజం కదా" అనేవాళ్ళకి ఒక మాట. రొయ్య పెంకు సహజమే. దానిలోని సున్నం పోవడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మాంసకృత్తులు పోవడానికి కాస్టిక్ సోడా, ఆపైన అమైన్లు బయటపడటానికి నలభై యాభై శాతం గాఢత ఉన్న కాస్టిక్ సోడాలో మళ్ళీ ఉడికించడం, మధ్య మధ్యలో బోలెడు కడుగునీళ్ళు. ఆ నీళ్ళని ఎవరు శుద్ధి చేస్తారు? ఇక మిశ్రమం అన్నాక అందులో గ్రాఫీన్ ఆక్సైడ్, ఇనుప ఆక్సైడ్ నానో రేణువులు, పాలీ అక్రిలమైడ్ అన్నీ కలుపుతారు. ఇవన్నీ ఉన్నా పేపరు పేరులో "సహజ" అని మాత్రం పోదు. మైదాలో చెంచాడు రాగిపిండి కలిపి రాగి బిస్కెట్లు అని అమ్మినట్టు.

ఇంత తిట్టాక కూడా నేను ఈ పదార్థాలు చెత్త అనడం లేదు. వినండి. ఆంధ్రాలో రొయ్యల పెంపకం, శుద్ధి ఎంత పెద్దదో మీకు తెలుసు, తలా పెంకూ కలిపి రొయ్య బరువులో నలభై శాతం దాకా పక్కకి పోతుంది. దాన్ని విలువైన వస్తువుగా మార్చడం మంచి పనే. కైటోసాన్‌ని పూసగా కాకుండా మడ్డిని కిందికి దించే పదార్థంగా వాడే పద్ధతి ఇప్పటికే ఉంది. నా లెక్కలో మంచి అవకాశం ఉన్నది పెద్ద మిల్లుల దగ్గర కాదు, మా రూమ్మేటు వాళ్ళింటి లాంటి చోట. రోజుకి కొన్ని వందల లీటర్లు, ఆర్.ఓ. ప్లాంటు కలలో కూడా కట్టలేరు, ఇల్లూ షెడ్డూ పక్కపక్కనే, కాలవ పక్కనే పిల్లలు. అక్కడ ఒక డ్రమ్ము, ఒక సంచీ, మార్చుకోవడానికి ఇంకో సంచీ, నిండిన సంచీలు తీసుకెళ్ళడానికి సొసైటీ తరఫున ఒక మనిషి. ఉప్పు మిగిలిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ రంగూ దాని వెంట ఉండే చెత్తా కొంతైనా ఆగుతాయి. ఇది నిజంగా పనిచేస్తుందో లేదో తేలాలంటే ఆ నీళ్ళతోనే, ఆ పీహెచ్‌తోనే, ఆ ఉప్పుతోనే, సబ్బుతోనే, ఆ వేడితోనే ప్రయత్నించాలి. లీటరుకి ఎన్ని పైసలు పడిందో రాయాలి. ఇరవయ్యోసారి వాడినప్పుడు ఏమైందో రాయాలి.

అదే చుట్టుపక్కల చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారు. ఆసు పోయడానికి రోజుకి వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించి వాళ్ళమ్మగారి భుజం పడిపోతుంటే చూడలేక ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో పూర్తి చేశారు. బడి మధ్యలో మానేసిన మనిషి. ఆయనకి 2017లో పద్మశ్రీ ఇచ్చారు, సినిమా కూడా తీశారు, మనమంతా చూసి కళ్ళు తుడుచుకున్నాం. ఆయన ముందు భుజాన్ని చూశారు, తర్వాత యంత్రం చేశారు. మేం ముందు పూస చేసి, దానికి సరిపోయే నీళ్ళు తయారు చేసుకున్నాం. డిస్టిల్డ్ వాటర్లో.

"నువ్వు సాఫ్టువేరువాడివి, ప్రాథమిక పరిశోధన విలువ నీకేం తెలుసు" అని ఒక ఫ్రెండు ఇప్పటికే మెయిల్లో ఏసుకున్నాడు. ప్రాథమిక పరిశోధన అయితే ప్రాథమికం అనే చెప్పమనండి, గొడవేలేదు. మొదటి వాక్యంలో "అద్దకం పరిశ్రమ వ్యర్థ జలాలు ప్రజారోగ్యానికి పెనుముప్పు" అని మొదలుపెట్టి, లోపల ఎక్కడా ఒక్క చుక్క అద్దకం నీరు తాకకుండా, చివర్లో "ఈ పదార్థం పరిశ్రమలకి ఎంతో ఉపయోగకరం" అని ముగిస్తేనే నాకు మండుతుంది. మన భాషలో చెప్పాలంటే "నా మెషీన్లో పనిచేస్తోంది" అని టికెట్ మూసేయడం. మనం అలా చేస్తే రాత్రి రెండింటికి ఫోనొస్తుంది. వీళ్ళకి ఎవరు ఫోన్ చేస్తారు? అద్దకందారుకి ఆ జర్నల్ పేరు కూడా తెలీదు.

మీ కంపెనీల్లో సీఎస్ఆర్ డబ్బులుంటాయి, హ్యాకథాన్లుంటాయి, వాటికి జడ్జీలుగా మీరే వెళ్తుంటారు. మీ తమ్ముళ్ళూ మరదళ్ళూ ఎం.టెక్‌లూ పీహెచ్‌డీలూ చేస్తుంటారు. ఈసారి ఆ రెండు బీకర్లు కనపడితే చప్పట్లకి ముందు ఒక్క ప్రశ్న వేయండి: ఎడమ బీకర్లో నీళ్ళు ఎక్కడివి? "కాలేజీ ల్యాబులో కలిపాం" అంటే, ఒక అద్దకం షెడ్డు అడ్రసు ఇచ్చి, ఖాళీ థమ్సప్ సీసా చేతిలో పెట్టి పంపించండి. అడ్రసు లేకపోతే నన్నడగండి, నా దగ్గర ఒకటుంది. మావాడు ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు గానీ వాళ్ళ నాన్న ఇంకా అద్దుతూనే ఉన్నారు. సంక్రాంతికి ఫోన్ చేస్తే క్షేమసమాచారాలు అయ్యాక అడిగారు, "అప్పుడు సీసా పట్కపోతిరి కదా బిడ్డా, ఏమన్న తేలెనా?" అని.